రెండు దుప్పట్ల ఎండకు హక్కుదారు

యాభై నాలుగేళ్ళ వయసు గల నేను, వృత్తిరీత్యా పత్రికా వ్యాసకర్తను, ఎవరి ప్రలోభమూ బెదిరింపూ లేకుండా నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు ధ్రువపత్రం ఇచ్చాడు. ఇన్నేళ్ళూ అది నిజాయితీగా పనిచేసిందని మాత్రం ఏ డాక్టరూ రాసివ్వలేడు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఒకటి ఉంది. అందులో మూడు పేజీలు నన్ను నేనే పొగుడుకున్నాను. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురిది. ఆమె వంతెనలు కట్టే ఇంజనీరు, కొలత తప్పితే ఒప్పుకోదు. మాటను సాగదీసి తనకు అనుకూలంగా తిప్పుకునే విద్య నా దగ్గరే ఆగిపోయింది, సంతోషం. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, రాతబల్ల, పుస్తకాల అలమరలు ఆమెకు చెందాలి. బల్ల ఎడమవైపు సొరుగు బిగుసుకుపోయింది, గట్టిగా లాగాలి. అందులో ఏముందో నాలుగో అంశంలో ఉంది.

2. వారపత్రిక సంపాదకుడికి నా నల్ల గొడుగు. పదహారేళ్ళ కిందట నా వ్యాసంలో రెండు పేరాలు కోసేసి ఆ చోట తలనూనె ప్రకటన వేశాడు. గొడుగుకు మూడు ఊచలు విరిగాయి, తెలిసే ఇస్తున్నాను. అయితే ఈమధ్య ఆ పేరాలు తీసి మళ్ళీ చదివాను. తలనూనె ప్రకటనే నయం. కాబట్టి ఊచలు బాగు చేయించి మరీ ఇవ్వాలి.

3. ఇక అసలు ఆస్తి. నన్ను నలుగురికీ తెలియజేసిన పుస్తకం 'యజమాని లేని నగరం'. లోకంలో ఎక్కడా లేని ఊరొకటి అందులో కట్టాను. దాని వీధులు, పనివేళలు, సభలు, చట్టాలు నావి. వాటి మీద ఎవరు ఎంతసేపు వాదించినా నేను సిద్ధం. దాని వాతావరణం మాత్రం నాది కాదు. అది మా వదినది.

మా వదిన, అంటే పోయిన మా అన్నయ్య భార్య, ముప్పై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. మేడ మీద నలభై తీగల నిండా రోగుల దుప్పట్లు ఆరేసేది. నన్ను 'ఉపన్యాసం' అని పిలుస్తుంది. పుస్తకం మొదటి చిత్తుప్రతిలో నా నగరానికి ఏడాది పొడవునా వసంతం, సాయంత్రం కాగానే సన్నటి చినుకులు పెట్టాను. దోపిడీ లేని చోట ఆకాశం కూడా మెత్తగా ఉంటుందని నా లెక్క. నేను చదువుతుంటే వదిన వంటింట్లో ఇస్త్రీ చేస్తూ విన్నది. విని, పెట్టె పక్కకు నిలబెట్టి అడిగింది.

"ఏమయ్యా ఉపన్యాసం, ఈ ఊళ్ళో బట్టలెవరూ ఉతుక్కోరా? రోజూ సాయంత్రం చినుకులంటున్నావు. పని దిగొచ్చినవాళ్ళు తడిబట్టలతోనే నీ మాటలు వినాలా?"

నాకు కోపం వచ్చింది. వాతావరణం ప్రధాన సమస్య కాదని మూడు రోజులు వాదించాను. నాలుగో రోజు ఆమె ఒక గుడ్డసంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఆసుపత్రి వార్డుల చీటీలు. ముందువైపు ఏ వార్డుకు ఎన్ని దుప్పట్లో ఉంది. వెనకవైపు ఆమె దస్తూరీలో ఆ రోజు గాలి ఎన్నింటికి లేచింది, మొదటి దుప్పటి ఎప్పటికి ఆరింది. ఇరవై రెండేళ్ళవి.

వాటిని ముందేసుకుని ఆమె నా నగరానికి ఎండావానా కట్టింది. పొద్దున్న పదకొండింటికి నదివైపు నుంచి గాలి. వాన పడితే అందరూ పనిలో ఉన్న వేళలోనే పడాలి, అదీ గంట ముందు మబ్బు పట్టి చెప్పి పడాలి. ఎండకు కొలత దుప్పటి. ఒక్కసారి ఆరేసినవే ఆరితే ఒక దుప్పటి ఎండ, వాటిని తీసి రెండో విడత కూడా ఆరేసుకోగలిగితే రెండు దుప్పట్ల ఎండ. దుప్పట్లు ఆరక తువ్వాళ్ళు మాత్రమే ఆరితే తువ్వాలు ఎండ. లాండ్రీలో వాళ్ళు అనుకునే మాటలే ఇవి. ఇక చివరిది, ఏడాదికి పదకొండు రోజులు ముసురు. ఆ రోజుల్లో ఏదీ ఆరకూడదు. సుఖంగా ఉన్న ఊరికి ముసురెందుకని అడిగాను.

"లాండ్రీలో మేం కాస్త కూర్చున్నది ముసురు రోజుల్లోనేనయ్యా. అవి కూడా తీసేస్తే మీ ఊరికి నేను రాను."

4. సొరుగులో ఆ చీటీల సంచీ ఉంది, దాంతోపాటు ఒక ఉత్తరం కూడా. పుస్తకం వచ్చిన ఏడాదికి ఎవరో బట్టలు ఆరేసే కార్మికురాలు రాసింది. నగరం పటంలో ఆరేసే తీగలు నేనే గీశాను, గాలి వీచే దిక్కునే బారుగా. అలా కడితే దుప్పట్లన్నీ ఒక కొసకు జరిగి ముద్దవుతాయట. తీగ గాలికి అడ్డంగా ఉండాలట. ఒక్క దుప్పటి ఆరేసినవాడికైనా తెలిసే సంగతి ఇది. ఆమె చివర్లో ఇలా రాసింది: "ఈ గాలి గురించి తెలిసినవాళ్ళు వేరు, ఈ తీగలు గీసినవాళ్ళు వేరు అనిపిస్తోంది. పొరపాటైతే క్షమించండి."

పొరపాటు కాదు. నేనేం చేశాను? ఆ ఉత్తరాన్ని సొరుగులో తోసి, ఉద్యమ సాహిత్యంలో చిల్లర తప్పులు వెతికే ధోరణి ఎవరికి మేలు చేస్తుందో నిలదీస్తూ నాలుగు పేజీల వ్యాసం అచ్చేయించాను. ఆమెకు అది చేరి ఉండకూడదని ఇవాళ కోరుకుంటున్నాను. చేరే ఉంటుంది.

5. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. రెండో ముద్రణ సభలో ఒక విద్యార్థిని లేచి, ఆ పదకొండు రోజుల ముసురు ఆలోచన ఎలా వచ్చిందని అడిగింది. విశ్రాంతి హక్కును ఆకాశంలోనే రాసేశారని మెచ్చుకుంది. మూడో వరసలో వదిన కూర్చుని ఉంది. నేను ఆమెను చూశాను. చూసి కూడా, "అవి నా రాతబల్ల దగ్గర పుట్టాయి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

నా పుస్తకాల అట్టల మీద 'శ్రమ ఎవరిదో పేరు వాళ్ళదే' అని అచ్చేయిస్తాను. మిల్లు యజమానుల్ని, గుత్తేదార్లని, పనివాళ్ళ తెలివిని తమదిగా చెప్పుకున్న ప్రతివాణ్ణీ పేరు పెట్టి తిట్టాను. వాళ్ళు నాకంటే నయం. వాళ్ళెవరూ అట్ట మీద ఆ మాట వేసుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక వదిన అన్నది ఒక్కటే: "చొక్కా విప్పివ్వు, కాలరు మాసింది."

6. కనుక సదరు నగరపు గాలి, ఎండ, వాన, ముసురు, వాటిపై సర్వహక్కులూ, చీటీలతో సహా, నా అనంతరం మా వదినకు చెందాలి. ఆపై వచ్చే ప్రతి ముద్రణలోనూ అట్ట మీద నా పేరుకు సమానంగా ఆమె పేరు ఉండాలి. తీగలు గాలికి అడ్డంగా తిప్పి పటం మళ్ళీ గీయించాలి.

7. పై అంశాన్ని రద్దు చేస్తున్నాను. కారణం చెబుతాను.

నిన్న ఈ చిత్తు తీసుకెళ్ళి, సాక్షి సంతకం పెట్టమని వదిననే అడిగాను. ఆస్తి పొందేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదని వకీలు ముందే చెప్పాడు. అయినా అడిగాను, చదువుతుందని. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక కాగితం చేతికిచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. మడిచి తిరిగిచ్చింది.

"నీకంటే పన్నెండేళ్ళు పెద్దదాన్ని. ఇది నా చేతికి రావాలంటే నువ్వు ముందు పోవాలని నేను కోరుకోవాలా?"

ముప్పై ఏళ్ళ వాదనల్లో నేను ఇంత పూర్తిగా ఓడిపోలేదు. పోయాక ఇస్తానన్నది ఇవ్వడం కాదు, తప్పించుకోవడం. నేను బతికుండగా దొంగిలించాను, బతికుండగానే అప్పగించాలి. వచ్చే ఆదివారం అదే హాల్లో మూడో ముద్రణ సభ. ఆహ్వానపత్రంలో వక్తగా నా పేరే ఉంది. లేచి, గాలి ఎవరిదో, ముసురు ఎవరిదో, నేను ఆ రోజు ఏం చూసి ఏం అన్నానో చెబుతాను. తీగల గురించి ఉత్తరం రాసినామెకు క్షమాపణ కూడా అక్కడే. వీలునామాలో ఇలాంటివి రాయకూడదని వకీలు అంటున్నాడు. చెప్పకుండా వెనక్కి తగ్గానంటే నా కూతురు ఈ పేజీని అచ్చేయించాలి. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు వేసుకునే చొక్కా నేనే ఉతుక్కుని ఆరేసుకుంటాను. తీగ గాలికి అడ్డంగా కడతాను.

తేదీ: మార్చి పదమూడు, సోమవారం, పగలు రెండు గంటలు. బయట ఒక దుప్పటి ఎండ.

(సంతకం) 'ఉపన్యాసం' అనబడే మరిది

సాక్షులు:
1. పక్కింటి దర్జీ. చదివి, తల పంకించి, సంతకం చేశాడు.
2. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆవిడ. ఆరో అంశంలో ఒక అక్షర దోషం దిద్దింది. రద్దయిందని చెప్పినా వినలేదు.