దర్బారు హాల్లో చాపలు

1955 ఫిబ్రవరి 7
పాలెగాళ్ల కోట ఇప్పుడు రైతుల ట్రైనింగ్ సెంటర్. బద్వేలు పక్కన ఈ ఊరికి నన్ను ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. గేటుకు బోర్డు కొట్టించాను. దర్బారు హాలంతా, పాలెగాని పాత గద్దె దాకా, చాపలు పరిపించాను. గర్వంగానే ఉంది, దాచుకోవడం దేనికి!

ఫిబ్రవరి 14, సాయంత్రం
పరువు పోయింది. మొదటి కాన్ఫరెన్స్‌కి రైతులందరూ వచ్చారు. వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డారు. కూర్చోండి, కూర్చోండని గొంతు పోయేలా అరిచాను. ఒక్కరూ వంగలేదు. పెద్దరైతు పుల్లయ్య, మా తాతలు పాలెగాని ముందర చేతులు కట్టుకోని నిలబడిన తావమ్మా ఇది, ఈడ ఎట్ల కూసుంటాం అన్నాడు. పాలెగాడు పోయి నూరేళ్లు దాటింది కదయ్యా అన్నాను. తెలుసమ్మా అన్నాడు. నిలబడే ఉన్నాడు. కాసేపటికి కాళ్లు నొప్పి పుట్టి ఒక్కొక్కరే జారుకున్నారు.

కడప నుంచి వచ్చిన ఆఫీసరు అంతా చూశాడు. వచ్చే సోమవారం కూడా ఇదే తంతయితే సెంటర్‌ను రాయచోటికి మార్చేస్తానన్నాడు. ఆడమనిషిని వేస్తే ఇంతే అని జీపెక్కుతూ గొణిగాడు. నాకు వినపడింది. ఒళ్లు మండిపోయింది.

ఫిబ్రవరి 16
బెంచీలు తెప్పించనా అని పుల్లయ్యను అడిగాను. అయ్యయ్యో, బెంచీలా, పాలెగాని తావులో ఎత్తున కూసుంటామా, అస్సలు వద్దన్నాడు.

ఫిబ్రవరి 18
ఆడవాళ్లను కూడా పిలుస్తానన్నాను. వాచ్‌మన్ మీరా హుస్సేన్ నోరు తెరిచాడు. వాళ్ల అవ్వలు గూడా ఈ గడప తొక్కలేదమ్మా అన్నాడు. వీళ్లు తొక్కుతారులే అని ఇంటింటికీ నేనే తిరిగాను. పుల్లయ్య భార్య సుబ్బరత్నమ్మ, సూస్తాంలే అంది.

ఫిబ్రవరి 21
గెలిచాను! రాసే తొందరలో ఇంకు ఒలికింది, ఒలకనీ.

మగవాళ్లు మళ్లీ గోడవారనే. ఆఫీసరు వాచీ చూసుకుంటున్నాడు. అప్పుడొచ్చారు ఆడవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని. సుబ్బరత్నమ్మ తిన్నగా హాలు మధ్యకు నడిచి, అబ్బ, శానా సల్లగుండాదే అంటూ చాప మీద చతికిలబడింది. వెనకే మిగతావాళ్లంతా. వాళ్ల అవ్వలెవరూ ఇక్కడ నిలబడలేదు కదా, నిలబడాలని వీళ్లకెవరు నేర్పారు! ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

సుబ్బరత్నమ్మ గోడవైపు తిరిగి, ఏమప్పా, మీరంతా ఎవురికి కాపలా కాస్తాండారు అని అడిగింది. హాలంతా ఒకటే నవ్వు. పుల్లయ్య చెప్పులు కింద పెట్టాడు. మెల్లగా కూర్చున్నాడు. ఇక ఎవరు నిలబడతారు!

సెంటర్ ఇక్కడే ఉంటుందని ఆఫీసరు చేత అందరి ముందూ చెప్పించాను. నన్ను చూడకుండా చెప్పాడు. చాలు.

మార్చి 3
మధ్యాహ్నం ఎరువుల మీద నా లెక్చర్. పుల్లయ్య పాలెగాని గద్దెకు వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుని గురక పెట్టాడు.

గొంతు తగ్గించి చెప్పాను.