అరగదనుకున్న కీలు

సూలూరు,
2024 ఆగస్టు 11, ఆదివారం.

అక్కయ్య నాగమ్మాళ్ పాదాలకు తమ్ముడు గోవిందరాజ్ దండాలు.

ఇక్కడ అందరం కుశలం, అక్కడ మీరంతా కుశలమని తలుస్తాను అని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. చేయి ఒప్పుకోవడం లేదు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీకు చెవి మందగించినప్పటినుంచి కోడలు సరణ్య ఫోను స్పీకరులో పెడుతోంది. నేను తుమ్మినా బోడినాయకనూరులో మీ ఇంటిల్లిపాదికీ వినపడుతుంది. అందుకే తెలుగులో రాస్తున్నాను. నాయన పలకమీద దిద్దించిన ఈ అక్షరాలు మన రెండిళ్ళలోనూ మనిద్దరికి తప్ప ఎవరికీ రావు. మిగతావాళ్ళు చదివింది తమిళ బడుల్లో, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు.

విషయం ఇది. నీ ఎడమ తుంటిలోనూ నా కుడి తుంటిలోనూ పెట్టింది ఒకే రకం కీలు. లోహపు గిన్నెలో లోహపు గుండు. నడిచినప్పుడల్లా రెండూ రాచుకుని సన్నటి పొడి రాలుతుందట. చుట్టూ ఉన్న కండ పాడవుతుందట, ఆ లోహంలోని కోబాల్ట్, క్రోమియం రక్తంలో కలుస్తాయట. అందరికీ ఇలా కాదు, కొందరికే. ఆ కొందరిలో నేనున్నాను. మొన్న గురువారం రక్తం చూసి డాక్టరు చెప్పాడు, వచ్చే నెల మళ్ళీ కోసి మార్చాలని.

నా సంగతి వదిలెయ్. కోబాల్ట్ మరీ ఎక్కువైతే చెవులు మందగించొచ్చు, చేతులు వణకొచ్చు, గుండెకూ మంచిది కాదు అన్నాడు. అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. గేటుదాకా వెళ్తాను, వస్తాను, ఇంకో వాక్యం రాస్తాను. పోయిన నెల వచ్చినప్పుడు నీ చేతిలో కాఫీ గ్లాసు కింది డబరా గిన్నెకు టకటకా కొట్టుకుంది. ఏమక్కా ఇది అంటే, వయసైతే ఇంతేరా తంబీ, దీనికేమి అని నవ్వావు. నాలుగు మెట్లెక్కి ఆయాసపడ్డావు కూడా.

గుర్తుందా? 2009లో నీ ఆపరేషనుకు ముందు డాక్టరు రెండు రకాల కీళ్ళు బల్లమీద పెట్టాడు. ఒకదానికి ప్లాస్టిక్ గిన్నె. ముప్పై ఏళ్ళు లేతు మిషను మీద పంపు షాఫ్టులు తిప్పినవాణ్ణి, మా అక్కకు ప్లాస్టిక్కా, అదేమి బకెట్టా సార్ అన్నాను. ఇనుము సంగతి మా తమ్ముడికి తెలుసు సార్, వాడు చెప్పిందే పెట్టండి అని నువ్వూ గొప్పగా అన్నావు. అయ్యో అక్కా! రెండు లోహాలు ఏళ్ళ తరబడి రాచుకుంటే ఏమవుతుందో మా వర్క్‌షాపులో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. నాకు తట్టలేదే!

ఈ ఉత్తరం అందగానే బయలుదేరు. తమ్ముడికి ఆపరేషను, చూసి వస్తానని ఇంట్లో చెప్పు, అంతకంటే ఏమీ చెప్పకు. ఒక్క రక్తపరీక్షే, బెదరకు. మిగతాది నేను చూసుకుంటాను.

కాలు నిలవని నీ తమ్ముడు,
గోవిందరాజ్

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. మొన్న గురువారం తెలిసిందన్నది అబద్ధం. రెండేళ్ళ కిందటే ఆస్పత్రినుంచి రెండు కాగితాలు వచ్చాయి, నా పేరున ఒకటి, నీ పేరున ఒకటి. 2009లో మా ఇంట్లో ఉండి ఆపరేషను చేయించుకున్నావు కనుక నీకూ నా విలాసమే ఇచ్చాను. ఈ రకం కీలున్నవాళ్ళు వెంటనే వచ్చి రక్తం చూపించుకోవాలని అందులో ఉంది. చెవుల మాటా ఉంది. నేను ఆ వారమే వెళ్ళాను, ఆరునెలలకోసారి వెళ్తూనే ఉన్నాను. నీ కాగితం మాత్రం నా పనిముట్ల పెట్టె అడుగున పెట్టాను. ఇది ఎంచింది ఎవర్రా అని నువ్వు అడుగుతావని భయపడ్డాను. అప్పటికి నీకు అన్నీ బాగా వినపడేవి అక్కా.

ఆ కాగితం ఈ కవరులోనే ఉంది. అది తమిళం. సరణ్య చేతికివ్వు. తారీఖు చూసి నన్ను తిడుతుంది, తిట్టనీ. మదురై అయినా సరే, కోయంబత్తూరు అయినా సరే, నిన్ను ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళమను.