ముడుపులో మిలిటరీ కార్డు

వరంగల్ సైనిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు, వర్ధన్నపేట మండల నివాసి సుభాషిణి, భర్త పేరు మహిపాల్, వ్రాసుకొను అర్జీ. ఊరి పేరు ఇక్కడే వ్రాయుటకు ధైర్యము చాలుట లేదు.

అయ్యా,

విషయం: సెలవు ముగిసినను హాజరు కాలేకపోయిన సిపాయిని పరారీ అని వ్రాయకముందే కాపాడుట, మరియు ముడుపులో చిక్కిన అతని గుర్తింపు కార్డును విప్పించుట గురించి.

నేను మా ఊరి మహిళా సంఘంలో తీర్మానములు వ్రాసేదానను. అధికారులకు ఎట్లా వ్రాయవలెనో తెలుసుననుకొని మొదలుపెట్టినాను. తొందరలో వ్రాయుచున్నందున అక్షరములు బాగులేవు, మన్నించగలరు.

1. నా భర్త సైన్యములో సిపాయి. సర్వీసు పద్నాలుగేండ్లు దాటినది. పదిహేను నిండితే పింఛనుకు అర్హుడు. మేడారం జాతరకని సెలవు మీద వచ్చినాడు. సెలవు అయిపోయినది. మనిషి తిరిగి పోలేదు.

2. పోకుండుటకు కారణము: కిందటి వానాకాలము డ్యూటీలో ఉండగా కొండచరియ విరిగిపడి, పక్కన పనిచేయు ఇద్దరు మట్టి కింద పడిపోయినారు. సదరు ఇద్దరినీ చేతులతో తవ్వి తీసినది నా భర్తయే. ఇద్దరూ బ్రతకలేదు. ఇంటికి వచ్చినప్పటి నుండి మేము పత్తి పోసిన అర్రలో, నడుము లోతు పత్తిలో కూర్చుంటున్నాడు. ఎందుకని అడిగితే "ఈ పత్తిల సప్పుడు ఇనబడది సుభా" అన్నాడు. ధర ఉన్నప్పుడే కేసముద్రం మార్కెట్టుకు తోలవలసిన పత్తిని, ఆయన కూర్చుండు చోటు పోవునని తోలకుండా ఉంచినాము.

3. తిరిగి పోవలసిన నాడు, కాజీపేటలో రైలుకని బ్యాగు సర్దినాక గుర్తింపు కార్డు కనిపించలేదు. మా అత్త కట్టమ్మ దానిని ఎర్రగుడ్డలో పసుపు, కుంకుమ, బియ్యముతో కలిపి సమ్మక్క తల్లికి ముడుపు కట్టి, దేవుని అర్రలో దూలమునకు వేలాడదీసినది. కొడుకు మునుపటి మనిషి అయితే వచ్చే జాతరకు మేడారంలో తల్లి గద్దెల కాడ విప్పుతానని మొక్కుకున్నదట. జాతర మొన్ననే అయినది. మళ్ళీ జాతర రెండేండ్లకు.

"అత్తా, అది సర్కారు కార్డు. అది లేకుంటే ఆయన్ను గేటు లోపలికి రానియ్యరు" అన్నాను.

"అందుకే కట్టిన" అన్నది అత్త. "నడిమిట్ల విప్పితే తల్లి కొడ్తది. ముట్టుకున్నవంటే నా మీద ఒట్టే."

నా భర్త దూలము వంక చూసినాడు. విప్పుమని ఒక్క మాట అడుగలేదు. బ్యాగు దించి మళ్ళీ పత్తిలోకి పోయినాడు. పోవునప్పుడు ఆయన మొఖంలో హాయి కనిపించినది. అది చూసినప్పుడు పుట్టిన భయము నన్ను ఇంకా వదలలేదు.

4. మా ఊరిలో మొగిలి మామ అని రిటైరు హవల్దారు ఉన్నాడు. ఆయన చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాయుచున్నాను. "ఇంకా టైం ఉన్నది బిడ్డా. తనంత తాను పోయి నిలబడితే, సెలవు దాటిండని శిక్ష వేస్తరు, దవాఖానల చూపిస్తరు, గంతే. నెల నిండితే మాత్రం విచారణ కూసుంటది, పరారీ అని రాస్తరు, పోలీసులకు కాయితం వస్తది. డిస్మిస్ అయితే పింఛను లేదు, దవాఖాన కార్డు లేదు. మాజీ సైనికుడనే మాట గూడ పేరు పక్కన ఉండదు. పద్నాలుగేండ్లు ఏడున్నవురా అంటే చెప్పరాదు." ఈ శనివారముతో నెల నిండును.

5. మొన్న మధ్యాహ్నము పోలీసు బండి మా వాకిట్లో ఆగినది. నా భర్త మీద నేనే పత్తి కప్పి, అర్రకు గొళ్ళెము పెట్టినాను. కానిస్టేబులు పక్క చేనులో మోటారు వైరు ఎవరు ఎత్తుకపోయినారని అడిగి, నీళ్ళు తాగి వెళ్ళినాడు. గొళ్ళెము తీసి పత్తి తోడుచుండగా ఆయన చేయి తగిలినది, మనిషి కదలలేదు. అయ్యా, ఆయన మట్టిలో నుండి తీసిన ఇద్దరూ ఇట్లనే ఉండిరేమో. పత్తి దులిపి మొఖం చూసిన సార్. బతికే ఉన్నడు. కండ్లు తెరుచుకునే ఉన్నడు.

6. అత్తను మళ్ళీ బతిమాలగా, "సర్కారునే తల్లికి కాయితం రాయుమను, అప్పుడు చూద్దాం" అన్నది. కావున తమరు శ్రీ సమ్మక్క తల్లి గారికి, సదరు కార్డు సైన్యము వారి సొత్తు అయినందున దానిని విడుదల చేయవలసినదిగా కోరుచు, ముద్రతో సహా ఒక ఉత్తరము ఇప్పించగలరు. అట్టి ఉత్తరము ఇచ్చుటకు నిబంధన లేదని నాకు తెలుసును. వేరే దారి తోచక అడుగుచున్నాను.

ఆయన పారిపోలేదు. పారిపోయినవాడు ఇంటిలో, భార్య కండ్ల ముందర ఉండడు. శనివారము లోపల ఆయనను సైన్యమునకు అప్పగించి, ముందు దవాఖానకు పంపు దారి చూపవలెనని వేడుకొనుచున్నాను. తమ దయగల చిత్తమునకు వచ్చునట్లు ఇంతకన్న వ్రాయుట నాకు చేతకాదు, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
సుభాషిణి

మళ్ళీ రాసేది: సార్, ఉత్తరం అక్కర లేదు. మొగిలి మామ తన పింఛను పనికి మీ ఆఫీసుకు తోడు రమ్మంటే మా ఆయన సరేనన్నడు. పత్తిలకెల్లి లేచి అంగీ తొడుగుతాండు. మళ్ళ లేస్తడో లేదో. అత్త బర్రెకు గడ్డి వెయ్య పోయింది. నేను ముడుపు విప్పిన. కార్డు ఈ కవర్లనే ఉన్నది. పసుపు అంటింది, తుడిస్తే పోతలేదు, దానికి వేరే శిక్ష వెయ్యకుండ్రి. ముడుపుల నా ఆధార్ కార్డు పెట్టి మళ్ళ కట్టిన. కొట్టేదుంటే తల్లి నన్నే కొట్టనీ.

కవరు మా ఆయన చేతికే ఇచ్చి పంపుతున్న, లోపల ఏమున్నదో ఆయనకు తెల్వది. జర మెల్లగ మాట్లాడుండ్రి, తలుపు గట్టిగ వెయ్యనియ్యకుండ్రి. ఈ కవరు మీ చేతికిచ్చి ఎదురుంగ నిలబడ్డ మనిషిని, కార్డు మీది ఫోటోను సరి చూసుకోండ్రి. గడ్డం పెరిగింది, మనిషి సగమైండు. ఆయనే సార్. హాజరైండు.