రేష్మా వచ్చేలోగా పల్లీల కోడికూర

ఏమండీ,

ఫోను ఇంట్లోనే మరిచిపోయి షాపుకెళ్ళారు, అందుకే ఈ చీటీ. స్లో కుక్కర్లో పల్లీల ముద్ద వేసిన కోడికూర ఉడుకుతోంది. వాసనకి ఆగలేక మూత తీయకండి, వేడంతా పోతుంది. సాయంత్రం అజాన్ అయ్యాక స్విచ్ ఆపి, నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లండి. అన్నం మాత్రం మీరే వండాలి.

ఎందుకంటే మీ చెల్లెలు రేష్మా వస్తోంది! మీకు చెప్పకుండా పెళ్ళి చేసుకుందని మీరు మాటలు మానేశాక, ఇన్నేళ్ళకి ఇవాళ ఫోన్ చేసింది. "భాభీ, పాపని తీసుకుని రానా? భయ్యా గుమ్మంలోంచే పంపించేస్తాడా?" అంది. "నువ్వు రా, నేనున్నాగా" అన్నాను. విస్సన్నపేట బస్టాండుకి ఎదురెళ్తున్నా. సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఈ కుక్కర్ కొన్నప్పుడు అందరి ముందూ నవ్వారు. పోనీలెండి. ఇవాళ మాత్రం గుమ్మంలోకి వచ్చి ముందు మీరే పలకరించండి.

మెహనాజ్

ఇంకో మాట. పాపకి కారం లేకుండా చిన్న గిన్నెలో విడిగా వండి పెట్టాను, మీరే తినిపించాలి. దానికి మీ అమ్మ పేరే పెట్టుకుందట. సర్దార్ బీ అని పిలిస్తే పరిగెత్తుకొస్తుందట.