బిందె ఎన్నిచోట్ల దించుతావు?

మార్కాపురం,
ఆదివారం.

నా బంగారుతల్లి సుప్రియకు అమ్మ ముద్దులు పెట్టి రాసేది. ప్రభువు దయవల్ల నేను, మీ నాయన, రెండు మేకలు అందరం బాగున్నాం. నువ్వూ వేళకు తింటూ బాగున్నావని తలుస్తాను. ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ ఉత్తరం.

మీటింగుకు పోయావా అని అడిగావు. పోయాను, తల బొప్పి కట్టింది. నువ్వు చదివే సోషల్ వర్కు ఇదేనా తల్లీ? మీ టీచరు యామిని మేడం వచ్చింది, ఇక్కడి సంస్థలో పనిచేసే యేసుబాబు వచ్చాడు. పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చే మాలాంటివాళ్ల బాధలు మాతో కలిసి తేలుస్తారంట. నా మెడలో 'సహ పరిశోధకురాలు' అని కార్డు వేశారు. టీ ఇచ్చారు, ఫొటో తీశారు. నా మాట మాత్రం ఎవరూ అడగలేదు.

ఫారంలో మొదటి ప్రశ్న 'దగ్గు ఉందా?' నలభై మందిని అడిగితే నలభై మందీ లేదన్నారంట. మేడం సంతోషపడింది! నాకు ఒళ్లు మండింది.

"దగ్గుందంటే మేస్త్రీ రేపట్నించి రావద్దంటాడు. ఎవురు చెప్తారు మేడం?" అన్నాను.

"మరి ఏమని అడగాలి?"

"బోరింగు కాడ్నించి ఇంటికొచ్చే లోపల బిందె ఎన్నిచోట్ల దించుతావని అడుగు. ఆయాసం ఆడ తెలుస్తాది."

"ఫారం పైనుంచి వచ్చింది అక్కా, మార్చేదానికి లేదు" అని యేసుబాబు నసిగాడు.

"అట్లయితే ఈ కార్డు గూడా నువ్వే ఏసుకో" అని తీసి బల్లమీద పెట్టాను. మేడం ఫారంలో దగ్గు ప్రశ్న కొట్టేసి బిందె ప్రశ్న రాసింది. ఇంత చదువుకున్నవాళ్లకు ఇదీ నేనే చెప్పాలా?

ఇంక అసలు సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు. కొత్త ప్రశ్న మేడం మొదట నన్నే అడిగింది.

"నేను యాడా దించను" అన్నాను.

ఆ ప్రశ్న పెట్టించింది నేను, దానికి అబద్ధం చెప్పిందీ నేనే. మేడంకు తెలిస్తే నీకు తెలుస్తుంది, నువ్వు చదువు ఆపేసి వస్తావని భయం. నా వెనక కూర్చున్న నలుగురు ఆడవాళ్లు నన్ను చూసి అదే మాట అన్నారు. నామీద నాకే విసుగ్గా ఉంది.

బుధవారం మళ్లీ మీటింగుకు పోయి అందరి ముందూ దిద్దిస్తాను. అది ఎవరో చెప్పి నీకు తెలియడం నాకిష్టం లేదు. మూడు చోట్ల దించుతున్నానమ్మా. పోయిన వారం నుంచి నాలుగు.

చదువు ఆపి వచ్చావంటే గడప తొక్కనివ్వను.

ఇట్లు,
నీమీదా నామీదా కోపంగా ఉన్న
మీ అమ్మ, అన్నమ్మ.