మీ అబ్బాయి లేచే రోజులు

అత్తయ్యగారికి కోడలి నమస్కారాలు.

మీరూ వదినా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఎవరు? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. మర్యాద కోసం మొదటి వాక్యంలోనే అబద్ధం ఎందుకు? నేను క్షేమం. మీ అబ్బాయి లాప్‌టాప్ మాత్రం క్షేమంగా లేదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. వేళకే తింటున్నాను. సభల్లో గొంతు చించుకోవడం మానలేదు, మానను. మొన్న పనిగంటల మీద మాట్లాడుతుంటే ఒక పెద్దమనిషి లేచి, "అమ్మా, ఇదే కాస్త మెల్లగా చెప్పొచ్చు కదా" అన్నాడు. మెల్లగా చెప్పినన్నాళ్లూ మీరు విన్నారా అని అడిగాను. కూర్చున్నాడు. "వాడి చివరి వ్యాసం ఇంకా అచ్చుకెందుకు వెళ్లలేదు, నువ్వేదో దాస్తున్నావు" అని కూడా రాశారు. దాచాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆయన పోయాక ఆ లాప్‌టాప్ నేనే వాడుతున్నాను. బటన్ నొక్కి వంట చేసుకుని వచ్చినా తెరుచుకునేది కాదు. చివరికి కొత్త ఎస్ఎస్‌డి కొన్నాను. పాత హార్డ్ డిస్కు చేసే పనే ఇదీ చేస్తుంది, కాకపోతే చకచకా చేస్తుంది. రిపేరు షాపు అమ్మాయి పాతదాంట్లో ఉన్నదంతా మక్కీకి మక్కీ కొత్తదాంట్లోకి ఎక్కించింది.

"పాతది చెరిపేయనా ఆంటీ?"

"దానిమీద చెయ్యేశావంటే ఊరుకోను. దాన్నీ లోపలే ఉండనీ."

ఇంటికొచ్చి తెరమీద ఆయన ఫోటో తీసేసి నాది పెట్టుకున్నాను. అప్పుడే మొదటిసారి ఆ వ్యాసం తెరిచాను. మిల్లు సమ్మె ఎందుకు ఓడిపోయిందన్నది విషయం. అంతా మనం అనుకున్నట్టే ఉంది, చివరి పేరా తప్ప. అది ఇది: "ఒక్క అడుగూ వెనక్కి వేయొద్దని మేం రాసిన రోజు మా పొయ్యి వెలుగుతూనే ఉంది. వాళ్లది ఆరిపోయింది. ఆ మాట అనే హక్కు మాకు లేదు."

ఒళ్లు మండిపోయింది. ఇది మనమే యజమానుల చేతికి కర్ర అందించడం కాదా? రేపు ఈ ముక్క కత్తిరించి మిల్లు గేటుకు అంటించరా? జబ్బు మనిషి నీరసంలో రాసుకున్న మాట అనుకుని కొట్టేశాను.

మర్నాడు తెరిస్తే తెరమీద ఆయన ఫోటో. నవ్వుతూ. మూలన "బీపీ మాత్ర వేసుకో" అని ఆయన తనకోసం పెట్టుకున్న హెచ్చరిక. వ్యాసం తెరిచాను. పేరా ఉంది. నేను సరిచేసిన కామాలు కూడా సరిచేయనట్టే ఉన్నాయి. ఆపి మళ్లీ వేస్తే నల్లటి తెర, డిస్కు కనబడటం లేదని ఒక ఇంగ్లీషు ముక్క. ఇంకోసారి వేస్తే నా ఫోటో. పేరా లేదు.

అత్తయ్యా, దయ్యాలు లేవని నేను రాసినవన్నీ మీరు చదివారు. ఆ పుస్తకాలు రాసినదాన్నే ఆ రోజు లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని షాపుకి పరిగెత్తాను. ఆ అమ్మాయి పగలబడి నవ్వింది.

"దయ్యమా పాడా! రెండు డిస్కులూ కవల పిల్లలు ఆంటీ. కొత్తది లేవడానికి బద్ధకించిన రోజు మిషను పాతదాన్ని లేపుతోంది. బటన్ వేయగానే ఈ మీట నొక్కండి. ఏ డిస్కు లేపాలో మిమ్మల్నే అడుగుతుంది."

"ఆంటీ అనకు."

"సరే పిన్నీ."

కారణం దొరికింది. నాకు అంతటితో చాలాలి. కానీ ఎవరినైనా చెడామడా తిడుతూ రాసిన మర్నాడే తెరమీద ఆయన లేచేవారు. కలిసొచ్చినవి గుర్తుంటాయి, కలిసిరానివి మరిచిపోతాం, మూఢనమ్మకం అలాగే పుడుతుందని వేదికలెక్కి చెప్పినదాన్ని నేనే. అదే నాకూ చెప్పుకున్నాను. అయినా బటన్ నొక్కేముందు జుట్టు సవరించుకోవడం అలవాటైపోయింది.

పేరా కొట్టేసిన వ్యాసమే మన పత్రిక కోసం ప్రెస్సుకి పంపాననుకున్నాను. ప్రూఫులో ఆ పేరా వచ్చింది. ప్రెస్సాయనకు ఫోన్ చేసి ఇదెక్కడిదని అడిగాను.

"మీరు పంపిందేనమ్మా."

"నేను పంపినదాంట్లో లేదండీ."

"మరి నేను రాశానా? నాకు మా ఇంటి చిరునామాయే తప్పుల్లేకుండా రాదు. ఉంచమంటారా, తీయమంటారా? సాయంత్రం మిషనెక్కించాలి."

ఇక దాచను. ఆ మీట నేను ఒక్కనాడూ నొక్కలేదు. నొక్కితే ఆయన తనంతట తాను ఇక లేవరు కదా. వ్యాసం పంపిన పూట తెరమీద ఉన్నది ఆయన ఫోటో. చూశాను. చూసే పంపాను.

"ఉంచండి," అన్నాను. "ఆ పేరాతో నాకు పేచీ ఉంది. నా పేచీ నా పేరు మీద రాసుకుంటాను. ఇంకొకరి నోరు నొక్కడానికి నేనేం మిల్లు యజమానినా?"

పత్రిక అచ్చయింది. ఆ రోజు నుంచి లాప్‌టాప్ ఒక్కసారీ మొరాయించలేదు. నొక్కగానే నా ఫోటో. ఎన్నిసార్లు ఆపి వేసినా నేనే. ఉండబట్టలేక నిన్న మళ్లీ షాపుకి తీసుకెళ్లి, పాతదాన్ని చూడమన్నాను. ఆ అమ్మాయి అడుగు మూత విప్పింది. నవ్వు మొహం కాస్తా మారిపోయింది.

"పిన్నీ, దీన్ని మిషనుకి కలిపే కనెక్టరు నేను పెట్టనేలేదు. మరిచిపోయాను. చూడండి, గాడిలో దుమ్మెలా పేరుకుందో."

"ఇప్పుడు ఊడిపోయి ఉంటుంది."

"ఊడితే దుమ్ము ఇంత చక్కగా పరుచుకోదు. ఇది ఒక్కసారీ లేచి ఉండదు."

షాపు అదిరిపోయేలా వాదించాను. నువ్వే పొరబడ్డావన్నాను. ఆమె మూత బిగించి లాప్‌టాప్‌ని నెమ్మదిగా నావైపు తోసేసింది. డబ్బులడిగితే చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ డిస్కు లేవకపోతే తెరమీద నేను చూసిందేమిటి? ఆ పేరాను మళ్లీ మళ్లీ రాసిన చెయ్యి ఎవరిది? అసలు మొదటిసారి రాసింది ఎవరు? ఇదే నన్ను తినేస్తోంది. ఆయన బతికుండగా ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

పత్రిక ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఆయనకు మాటలు నేర్పింది మీరు. చివరి పేరా చదివి అది మీ అబ్బాయి మాటో కాదో చెప్పండి. అవునంటే ఆయనతో పోట్లాడుకుంటూ బతికేస్తాను. కాదంటే మాత్రం, మెల్లగా చెప్పండి.

ఇట్లు,
మీతో వాదనలో ఒక్కసారీ నెగ్గని
మీ కోడలు