జార్జ్ బూల్ గారి గోత్రం

పాసిర్ రిస్, సింగపూరు

అమ్మకు కౌశల్ నమస్కరించి విన్నవించునది: డిజిటల్ లాజిక్ పేపరు రెండో దండయాత్రలో గట్టెక్కాను. ఫోన్‌లో చెబితే పక్కగదిలో ఇంటి ఓనరు తారాదేవి ఆంటీ వింటుంది, అందుకే కార్డు.

ఆ సబ్జెక్టుకు మూలపురుషుడు జార్జ్ బూల్ ఫొటో బల్ల మీద పెట్టుకుని చదివాను. పరీక్ష రాసి వచ్చేసరికి ఆయనకు కుంకుమ బొట్టు, మల్లెపూల దండ! పోయిన మా తాతగారనుకుందట ఆంటీ. రిజల్టు వచ్చాక నిజం ఒప్పుకున్నాను.

"ఈయనది ఇంగ్లండులో లింకన్, ఆంటీ. పెద్ద కెథెడ్రల్ ఉన్న ఊరు. బూట్లు కుట్టే ఆయన కొడుకు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాడు."

"ఎవరి కొడుకైతే ఏంట్రా, నిన్ను పాస్ చేయించాడు. దండ తీశావో, చూడు! తద్దినం ఎప్పుడు?"

డిసెంబరు ఎనిమిది అన్నాను. గారెలు వండుతుందట.

చెల్లి కళ్లజోడు మారిందా? కందిపొడి పంపు, ఈసారి మూత గట్టిగా బిగించి. నాన్న మోకాలికి నా ప్రత్యేక పరామర్శ.

ముఖ్య విషయం. గోత్రం కోసం ఆంటీ నీకే ఫోన్ చేస్తుంది. నవ్వకుండా మనదే చెప్పెయ్యి. నన్ను లాజిక్‌లో పాస్ చేయించిన మనిషి పరాయివాడెలా అవుతాడు?

నీ కౌశల్